ఎరువు పడని నేల: టెక్సాస్ చిత్తడిలో పురుగుల్ని తినే మొక్కలు

"ఇంత నీరుంది, ఇంత ఎండ ఉంది. ఒక్క మొక్కా ఏపుగా లేదేంటమ్మాయ్?"

చెక్క బాట మీద పది అడుగులు వేశామో లేదో నాన్న ఆగిపోయి అడిగిన మాట ఇది. ఆయన నలభై ఏళ్లు గోదావరి డెల్టాలో వరి పండించిన మనిషి. ఆరు నెలలు మాతో ఉందామని హ్యూస్టన్ వచ్చారు. పురుగుల్ని తినే మొక్కల్ని చూపిస్తానని ఏప్రిల్ మధ్యలో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరదీశాను. తీరా వెళ్లాక ఆయన చూపు మొక్కల కంటే ముందు నేల మీద పడింది. అదే మంచిదయింది. ఈ మొక్కల గురించి మనం చదివే రాతలు చాలావరకు బోను దగ్గర మొదలై బోను దగ్గరే ఆగిపోతాయి. ఎలా మూసుకుంటుంది, ఎలా జారుస్తుంది, ఎలా అరిగించుకుంటుంది అన్నదే కథంతా. నేల దగ్గర మొదలుపెడితే తప్ప అసలు ఆ బోను ఎందుకు కావాల్సి వచ్చిందో, ఆ మొక్కలు పక్క పొలంలో ఎందుకు కనపడవో, వాటిని బతికించడానికి అడవికి నిప్పెందుకు పెడతారో అర్థం కాదు.

మేం వెళ్లింది బిగ్ థికెట్ నేషనల్ ప్రిజర్వ్‌కి. హ్యూస్టన్‌కి ఈశాన్యంగా కారులో రెండు గంటల దూరం. 1974 అక్టోబర్ 11న దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అమెరికాలో 'నేషనల్ ప్రిజర్వ్' అనే హోదా మొదలైంది ఆ రోజే, ఫ్లోరిడాలోని బిగ్ సైప్రస్‌తో కలిపి. ఒకే చెక్కగా ఉన్న అడవి కాదిది. కలప కొట్టేసిన భూములు, చమురు బావులు, ఊళ్లు, వీటి మధ్య మిగిలిన తునకల్ని కలిపి కుట్టిన బొంత. అన్నీ కలిపితే లక్ష ఎకరాల పైచిలుకు. ఉత్తర అమెరికాలో పురుగుల్ని పట్టే మొక్కల్ని ఐదు రకాలుగా చెప్తారు. వాటిలో నాలుగు ఇక్కడున్నాయి: పిచ్చర్ ప్లాంట్, సన్‌డ్యూ, బటర్‌వర్ట్, బ్లాడర్‌వర్ట్. లేనిది, పురుగు వాలగానే ఆకుని దవడల్లా మూసేసుకునే వీనస్ ఫ్లైట్రాప్ ఒక్కటే. వీటిని చూడ్డానికి రెండు నడక దారులున్నాయి. వారెన్ అనే ఊరికి తూర్పున టర్కీ క్రీక్ భాగంలో పిచ్చర్ ప్లాంట్ ట్రెయిల్, అదే ఊరికి దక్షిణాన హికరీ క్రీక్ సవానా భాగంలో సన్‌డ్యూ ట్రెయిల్. రెండూ చిన్న దారులే. తడి నేల మీదుగా చెక్క బాట వేశారు. మోకాళ్ల నొప్పులున్న నాన్న రెండూ ఒకే రోజు తిరిగారు.

నేను అక్కడికి వెళ్లడానికి నాకో సొంత కారణం కూడా ఉంది. రెండేళ్ల కిందట ఒక నర్సరీలో ఒక చిన్న పిచ్చర్ మొక్క కొన్నాను. గులాబీలకి చేసినట్టే చేశాను. మంచి మట్టి కలిపాను, రోజూ కుళాయి నీళ్లు పోశాను, నెలకోసారి ఎరువు వేశాను. మూడు నెలల్లో చచ్చిపోయింది. అంత శ్రద్ధగా చూసుకున్న మొక్క ఎందుకు పోయిందో అప్పట్లో తెలియలేదు.

కడిగేసిన నేల

మన వైపు తడి నేల అంటే సారమున్న నేల. చెరువు కింద భూమి, కాలువ కింద భూమి అంటే ఎకరం రేటే వేరు. అక్కడి నీరు ఒండ్రు తెచ్చిపెడుతుంది. బిగ్ థికెట్ చిత్తడిలో నీరు ఏమీ తీసుకురాదు, ఉన్నది పట్టుకుపోతుంది. పైన ఇసుక, దాని కింద నీళ్లు దిగనివ్వని బంకమట్టి. ఏడాదికి 50 అంగుళాలకు పైగా వాన. ఆ నీరు ఇసుకలోంచి దిగి, బంకమట్టి తగిలి, పక్కకి మళ్లి, పల్లం ఉన్నచోట ఊటలా బయటికొస్తుంది. వేల ఏళ్లుగా జరుగుతున్నది ఇదే. బియ్యం ఏడెనిమిది సార్లు కడిగాక ఆఖరి కడుగులో ఏముంటుంది? ఈ నేలలో తిరిగే నీరూ అంతే.

దానికి తోడు నేల పులుపెక్కి ఉంటుంది, అంటే ఆమ్ల గుణం ఎక్కువ. నీరు నిలిచి ఉండడంతో మట్టిలో గాలి ఆడదు. రాలిన ఆకుని కుళ్లబెట్టి మళ్లీ ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావాలి. అది అందక వాటి పని నత్తనడకన సాగుతుంది. కుళ్లగా వచ్చిన కాస్త నైట్రేటు, అంటే మొక్క పీల్చుకోగల రూపంలో ఉన్న నత్రజని, కూడా చేతికి చిక్కదు. గాలి లేని చోట బతికే బ్యాక్టీరియా దాన్ని వాయువుగా మార్చి పైకి వదిలేస్తాయి.

ఇంతవరకు చెప్పగానే నాన్న అందుకున్నారు. "అందుకే కదమ్మా యూరియా ఒకేసారి వెయ్యం. నీళ్లు నిలిచిన చేలో సగం గాలికే పోద్ది. నాటినప్పుడు కొంత, పిలకలప్పుడు కొంత, చిరుపొట్టకి కొంత." శాస్త్రవేత్తలు పుస్తకాల్లో రాసింది ఆయనకు యూరియా బస్తాల ఖర్చు రూపంలో తెలుసు. వరి చేలో పోయిన నత్రజనిని రైతు బస్తా తెచ్చి పూడుస్తాడు. ఈ చిత్తడికి బస్తా తెచ్చేవాళ్లు ఎవరూ లేరు.

నత్రజని లేకపోతే ఏమవుతుంది? మొక్కకి పిండిపదార్థం కొరత రాదు. దాన్ని ఎండ, నీరు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిపి తయారుచేసుకుంటుంది. ఈ మూడూ ఇక్కడ పుష్కలం. కొరతంతా మాంసకృత్తులకి, ఆకుపచ్చదనానికి, విత్తనానికి కావాల్సిన నత్రజని, భాస్వరం దగ్గరే. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే ఉన్నా ఆ రూపంలో మొక్కకి పనికిరాదు. జీలుగ, జనుము, పిల్లిపెసర లాంటివి వేరు బుడిపెల్లో బ్యాక్టీరియాను పెంచుకుని గాలి నత్రజనిని లాక్కుంటాయి. పచ్చిరొట్టగా వాటిని దున్నేసేది అందుకే. ఈ చిత్తడి మొక్కలు ఇంకో దారి పట్టాయి.

'తినే' అనే మాట మనల్ని తప్పుదోవ పట్టించేది ఇక్కడే. పులి జింకను తిన్నట్టు ఈ మొక్క పురుగుని తినదు. పులికి జింకే బలం. మొక్కకి బలమంతా ఎండలోంచి వస్తుంది. పురుగు దానికి అన్నం కాదు, ఎరువు. నేలలో దొరకని ఎరువు రెక్కలు కట్టుకుని ఎగురుతుంటే పట్టుకోవడమే ఆ మొక్క చేసే పని.

పురుగులు పడకపోతే చచ్చిపోతుందా అని అడుగుతారు. వెంటనే చావదు. చార్లెస్ డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్ డార్విన్ 1878లో ఈ సంగతి తేల్చాడు. సన్‌డ్యూ మొక్కల్ని రెండు భాగాలు చేసి, పురుగులు చేరకుండా తెర కప్పి, ఒక భాగానికి సన్నటి మాంసం ముక్కలు పెట్టాడు. రెండో భాగానికి ఏమీ పెట్టలేదు. రెండో వైపువి కూడా బతికాయి. కానీ మాంసం అందిన మొక్కలు రెట్టింపుకు మించి విత్తనాలు వేశాయి. పూట గడవడం వేరు, పిల్లల్ని పెంచి పెద్దచేయడం వేరు. పురుగు అక్కరకొచ్చేది రెండోదానికి.

నిలువునా చీలిన కూజా

స్కూల్లో మనం 'కూజా మొక్క' అని చదువుకున్నది నెపంథిస్. భారతదేశంలో అది మేఘాలయ కొండల్లో మాత్రమే సహజంగా పెరుగుతుంది. ఆకు చివర తీగ సాగి, దానికి కూజా వేలాడుతుంది. బిగ్ థికెట్‌లో ఉన్న పిచ్చర్ ప్లాంట్ వేరే కుటుంబానిది, దాని పేరు సర్రసీనియా అలాటా. ఇందులో ఆకు మొత్తం కూజాయే. నేలలోంచి నాదస్వరాన్ని తలకిందులుగా నిలబెట్టినట్టు లేస్తుంది. కింద సన్నం, పైకి పోయేకొద్దీ వెడల్పు, నోటి మీద గొడుగులా వంగిన మూత. మోకాలి ఎత్తు, లేత పసుపు కలిసిన ఆకుపచ్చ, దాని మీద ఎర్రటి ఈనెలు. ఎదురెండలో గొట్టం గోడ పల్చగా మెరుస్తుంటే లోపల నల్లటి నీడలా పురుగుల కుప్ప కనిపిస్తుంది.

మూత కదలదు. చాలామంది అది టప్పున మూసుకుంటుందనుకుంటారు. దాని పని వాన నీరు నిండిపోకుండా అడ్డుకోవడం. ఈ బోనులో కదిలే భాగమే లేదు. అంచున తేనె ఊరుతుంది. తేనె కోసం వచ్చిన పురుగు ఇంకాస్త లోపలికి జరుగుతుంది. అక్కడ గోడ మైనం రాసినట్టు నున్నగా ఉంటుంది. కాలు జారితే కింద వెంట్రుకలున్న భాగం. అవన్నీ కిందికి వాలి ఉంటాయి, దిగడానికి దారిస్తాయి, ఎక్కడానికి ఇవ్వవు. చేపలు పట్టే మావు ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అడుగున జీర్ణరసం, దానికి సాయంగా బ్యాక్టీరియా.

బాట అంచున గత ఏడాది కూజా ఒకటి ఎండి, నిలువునా చీలిపోయి ఉంది. ముట్టుకోకుండా కళ్లజోడు సర్దుకుని నాన్న వంగి చూశారు, నేనూ చూశాను. అడుగు నుంచి జానెడు ఎత్తు దాకా నల్లటి పొడి దిగబడి ఉంది. పరకాయించి చూస్తే అది మట్టి కాదు. అన్నీ తలలే, చీమల తలలు, వందల్లో. వాటి మధ్య ఒక పెంకు పురుగు రెక్క డిప్ప నీలంగా మెరుస్తోంది. ఈగ రెక్కలు రెండు గాజు పెంకుల్లా అతుక్కున్నాయి. మెత్తటిదంతా మొక్కలోకి పోయింది, గట్టి డొల్ల మిగిలింది. "గాదె అడుగు ఊడ్చినట్టుంది" అన్నారు నాన్న.

అంత కుప్ప చూస్తే ఇది గొప్ప వేటగత్తె అనిపిస్తుంది. లెక్క వేరేలా ఉంది. దీని ఉత్తరాది బంధువు సర్రసీనియా పర్పురియా దగ్గర, వచ్చిపోయే చీమల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూసినవాళ్లున్నారు. నూటికి ఒక్కటి కూడా పడలేదు. మిగతావన్నీ తేనె తాగి ఇంటికెళ్లాయి. వెళ్లిన చీమ మరో పది చీమల్ని వెంటబెట్టుకొస్తుంది కాబట్టి మొక్కకి నష్టమేమీ లేదు. అయినా నూరుమందికి వడ్డిస్తే ఒక్కరు మిగలడం అంటే అది ఎంత ఖర్చుతో కూడిన పనో గుర్తుపెట్టుకోవాలి. ఆ ఖర్చు సంగతికి మళ్లీ వస్తాను.

ఈ కూజాలోనే కాపురం పెట్టిన జీవులున్నాయి. ఎక్సైరా అనే చిమ్మట పగలంతా కూజా లోపలే ఉంటుంది, ఆ నున్నటి గోడ మీద జారకుండా నడుస్తుంది. దాని గొంగళి నోటికి అడ్డంగా పట్టు అల్లేసి, లోపల కూర్చుని గోడనే గీరి తింటుంది. కొన్ని జాతుల ఈగల పిల్లలు ఆ జీర్ణరసంలోనే పెరుగుతాయి. ఆకుపచ్చ సాలీడు అంచున కాపు కాస్తుంది, చెట్టు కప్ప మూత కింద నక్కుతుంది. వచ్చే పురుగు మొక్కకి దక్కకముందే ఇన్ని చేతులున్నాయి.

మేం వెళ్లేసరికి పూలు వాడుతున్నాయి, కొత్త కూజాలు నోళ్లు తెరుస్తున్నాయి. ముందు పువ్వు, తర్వాత బోను. పైగా పువ్వు పొడవాటి కాడ మీద బోనుకి దూరంగా ఉంటుంది. పరాగం మోసే తుమ్మెదని తినేస్తే విత్తనం ఎక్కడిది? పువ్వు కట్టడం కూడా వింతే. తలకిందులుగా వేలాడుతుంది, లోపల కీలం తిరగేసిన గొడుగులా విచ్చుకుని రాలే పుప్పొడిని పట్టుకుంటుంది. తేనెటీగ లోపలికి దూరేటప్పుడు గొడుగు చువ్వ కొసని రాసుకుంటూ వెళ్లాలి. ఇంకో పువ్వు నుంచి తెచ్చిన పుప్పొడి అక్కడ అంటుకుంటుంది. బయటికి వచ్చేటప్పుడు రేకు ఎత్తుకుని వేరే దారిన వస్తుంది కాబట్టి సొంత పుప్పొడి సొంత కొసకి తగలదు.

మోకాళ్ల మీద కూర్చుంటే కనిపించేవి

సన్‌డ్యూ కోసం వెతుకుతూ నిలబడి నడిస్తే ఒక్కటీ కనపడదు. బాట అంచున కూర్చుని, గడ్డి లేని తడి ఇసుక మీద చూపు నిలపాలి. రూపాయి బిళ్లంత ఎర్రటి చక్రాలు, ఎవరో కుంకుమ చల్లినట్టు. ఒకటి కనపడ్డాక వందలు కనపడతాయి. ఒక్కో ఆకు నిండా ఎర్రటి వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసన ఒక జిగురు బొట్టు. ఎండ ఎంత మండినా ఆరని మంచుబొట్టులా ఉంటుంది కాబట్టే ఆ పేరు. మేం చూసిన ఒక ఆకు మీద దోమ కంటే సన్నటి పురుగు ఇరుక్కుని ఉంది. అప్పటికే చుట్టుపక్కల వెంట్రుకలు దాని వైపు వంగాయి. పట్టుబడిన పురుగు చాలాసార్లు చచ్చేది జిగురు శ్వాసరంధ్రాల్ని మూసేయడం వల్ల. తర్వాత వెంట్రుకలు జీర్ణరసం వదులుతాయి, అవే పీల్చుకుంటాయి.

బటర్‌వర్ట్ ఇంకా చిన్నది, ఆకు మీద నెయ్యి రాసినట్టు జిడ్డు. చిన్న దోమలు దానికే అతుక్కుపోతాయి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం బ్లాడర్‌వర్ట్. పైకి కనిపించేది దారం లాంటి కాడ, దాని మీద ఆవపువ్వంత పసుపు పువ్వు. అంతే. అసలు పని తడి ఇసుకలోనూ నీళ్లలోనూ జరుగుతుంది. అక్కడ దీనికి కంటికి ఆనీ ఆననంత చిన్న తిత్తులుంటాయి. తిత్తి లోపలి నీటిని మొక్క బయటికి తోడేస్తూ ఉంటుంది, దాంతో గోడలు లోపలికి లాగినట్టు బిగుసుకుంటాయి. నోటికి తలుపు, తలుపు దగ్గర మీట లాంటి వెంట్రుకలు. నీటి పురుగు ఏదైనా వెంట్రుకని తాకిందా, తలుపు తెరుచుకుంటుంది, నీటితో పాటు పురుగు లోపలికి లాగబడుతుంది, తలుపు మూసుకుంటుంది. లోపలికి లాగడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. మొక్కల లోకంలో ఇంతకంటే వేగంగా కదిలేవి అరుదు. ఆ తిత్తులు మొక్క తేలడానికి ఉన్న బుడగలని చాలాకాలం అనుకున్నారు. 1870ల్లో న్యూజెర్సీలో ఉండే మేరీ ట్రీట్ అనే ప్రకృతి పరిశీలకురాలు మైక్రోస్కోపు కింద గంటల తరబడి చూసి, పురుగులు లోపలికి లాగబడి చావడాన్ని రాసిపెట్టింది. చార్లెస్ డార్విన్ ఆమెతో ఉత్తరాలు నడిపాడు, 1875లో అచ్చయిన తన పుస్తకంలో ఆమె పేరు చెప్పి మరీ ఆమె పరిశీలనల్ని వాడుకున్నాడు. కాలేజీ పదవి లేని ఒక మహిళ ఇంట్లో కూర్చుని చేసిన పని అది. మన పాఠ్యపుస్తకాల్లో బ్లాడర్‌వర్ట్‌కి ఉన్న శాస్త్రీయ నామం యుట్రిక్యులేరియా ఉంది, ఆమె పేరు లేదు. ఉండాలని నాకనిపిస్తుంది.

అన్ని మొక్కలూ ఎందుకు తినవు?

బోను ఇంత ఉపయోగపడితే ప్రతి మొక్కా ఒకటి పెట్టుకోవచ్చు కదా. ప్రపంచంలో పూల మొక్కలు లక్షల జాతులుంటే పురుగుల్ని తినేవి ఎనిమిది వందల చిల్లర. 1984లో థామస్ గివ్నిష్, ఆయన సహచరులు దీనికి జమాఖర్చుల లెక్కతో జవాబిచ్చారు. ఆకు అనేది మొక్కకి వంటిల్లు. దాన్ని గొట్టంగా చుట్టేస్తే, జిగురు వెంట్రుకలతో కప్పేస్తే ఎండ పట్టే పని తగ్గుతుంది. తేనె, జిగురు, జీర్ణరసం తయారుచేయడానికి మళ్లీ ఖర్చు. ఈ ఖర్చంతా పెట్టి పట్టిన పురుగు వల్ల పెరుగుదల ఎంత? నేలలో నత్రజని ఉంటే వేరు దాన్ని ఉచితంగా తెస్తుంది, బోను దండగ. నీడగా ఉంటే, నత్రజని దొరికినా దాన్ని వాడుకోవడానికి వెలుతురు చాలదు, అప్పుడూ దండగే. నీటి కొరత ఉంటే జిగురు ఆరిపోతుంది. అంటే ఎండ నిండుగా ఉండి, నీరు నిండుగా ఉండి, నేల మాత్రం ఖాళీగా ఉన్నచోటే ఈ బేరం గిడుతుంది. నాన్న మొదట అడిగిన ప్రశ్నలో ఉన్నవి సరిగ్గా ఆ మూడే.

ఈ లెక్కకి కళ్లెదుటి రుజువు 2002లో వచ్చింది. ఆరన్ ఎల్లిసన్, నికొలస్ గొటెల్లి ఉత్తరాది పిచ్చర్ మొక్కల కూజాల్లోకి నత్రజని వేర్వేరు మోతాదుల్లో పోశారు. మోతాదు పెరిగినకొద్దీ మొక్క కూజాలు చేయడం తగ్గించింది. గొట్టం సన్నబడి, పక్కనున్న రెక్క వెడల్పయి, ఆకు మామూలు బల్లపరుపు ఆకులా మారింది. వాన నీటితో పాటు దిగే నత్రజని కాలుష్యం ఎక్కువైన చోట ఆకులు ఏ ఆకారంలో ఉన్నాయో చూసి ఆ కాలుష్యాన్ని అంచనా వేయొచ్చని కూడా వాళ్లు చూపించారు.

ఆకు ఆకారం మారితే పోయేదేముంది, మామూలు మొక్కగా బతకొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే అసలు ప్రమాదం. నేల బాగుపడితే ఆ బాగు ఈ మొక్కకొక్కదానికే రాదు. గడ్డికి, పొదలకి, తీగలకి అన్నింటికీ వస్తుంది. అవి చూస్తుండగానే దీన్ని దాటి పెరుగుతాయి. మోకాలి ఎత్తు కూజా నడుమెత్తు పొద నీడలో పడిపోతుంది. రూపాయి బిళ్లంత సన్‌డ్యూ సంగతి చెప్పేదేముంది. ఇవి బలమైనవి కావడం వల్ల ఇక్కడ లేవు, ఇంకెవరికీ పట్టని నేల కాబట్టి ఇక్కడున్నాయి. నా కుండీలో మొక్క చావడానికి కారణం కూడా దీని పక్కనే ఉంది. కడిగేసిన నేలకి అలవాటుపడిన వేళ్లకి కుళాయి నీళ్లలోని లవణాలు, ఎరువు ఉప్పు పేరుకుని, వేళ్లు మాడిపోయాయి. వీటికి వాన నీళ్లు పోయాలి, లేదా డిస్టిల్డ్ వాటర్. మట్టిలో ఎరువు కలపనే కూడదు.

నిప్పు

పిచ్చర్ ప్లాంట్ ట్రెయిల్‌లో పైన్ చెట్ల మొదళ్లు మనిషెత్తు దాకా నల్లగా మాడి ఉంటాయి. నాన్న అగ్నిప్రమాదం అనుకున్నారు. పార్క్ సర్వీసు వాళ్లు గాలి, తేమ చూసుకుని కావాలనే పెట్టే మంటలవి అని చెప్పాను.

"తగలెట్టేస్తారా? మమ్మల్నేమో కొయ్యకాళ్లు తగలెట్టొద్దంటారు, నత్రజని పోతుందని."

ఆయన మాట అక్షరాలా నిజం. మంటలో ఆకుల్లోని నత్రజని గాలిలో కలిసిపోతుంది. చేనుకి అది నష్టం. ఈ చిత్తడికి అదే కావాలి. పైన్ సూదులు, ఎండు గడ్డి ఏళ్ల తరబడి పేరుకుంటే నేల మీద దుప్పటిలా కప్పేసి సన్‌డ్యూకి చోటే మిగలదు. పొదలు లేచి నీడ కమ్ముతుంది. నీడ అంటే ఏమిటో పైన లెక్కలో చూశాం. పొదల వేళ్లు నీటినీ తోడేస్తాయి. రెండు మూడేళ్లకోసారి పాకే చిన్న మంట ఈ మూడింటినీ ఒక్కసారే సరిచేస్తుంది. పిచ్చర్ మొక్క పైభాగం కాలిపోతుంది కానీ దాని దుంప లాంటి కాండం తడి నేలలో భద్రంగా ఉంటుంది. వెలుతురు పడగానే మళ్లీ చిగురిస్తుంది.

ఈ మంట మనుషులు కొత్తగా కనిపెట్టింది కాదు. పిడుగులు పడి, ఇక్కడ మొదటి నుంచీ ఉన్న ఆదివాసులు పెట్టి, ఈ నేలంతా తరచూ కాలేది. అలా కాలే నేలకి తగ్గట్టు తయారైన చెట్టు లాంగ్‌లీఫ్ పైన్. అది మొలిచాక కొన్నేళ్ల పాటు చెట్టులా ఉండదు, గడ్డి దుబ్బులా ఉంటుంది. మంట వచ్చినప్పుడు పొడవాటి సూదులు కాలుతూ మధ్యలోని మొగ్గని కాపాడతాయి. నాన్న ఒక దుబ్బుని చూపించి "ఇదేం గడ్డి?" అని అడిగారు. వంద అడుగులు పెరగాల్సిన చెట్టు అది. వర్జీనియా నుంచి తూర్పు టెక్సాస్ దాకా ఈ పైన్ అడవి ఒకప్పుడు 9 కోట్ల ఎకరాల్లో ఉండేది. కలప కోసం కొట్టేశారు, పొలాలు చేశారు, త్వరగా పెరిగే వేరే పైన్‌లు నాటారు. మిగిలినచోట 20వ శతాబ్దమంతా నిప్పు కనపడితే ఆర్పేశారు. ఆ శతాబ్దం చివరికి నూటికి మూడు నాలుగు ఎకరాలే మిగిలాయి. గొడ్డలి చేసిన నష్టం అందరికీ తెలుసు. మంచి మనసుతో నిప్పు ఆర్పినందువల్ల, ఒక్క చెట్టూ కొట్టకుండానే ఎన్నో చిత్తడులు పొదల కింద మాయమయ్యాయి. రక్షణ పేరుతో కంచె వేసి వదిలేస్తే ఈ నేల పదిహేను, ఇరవై ఏళ్లలో చేజారిపోతుంది. దీన్ని కాపాడ్డమంటే దీని పేదరికాన్ని కాపాడ్డమే. కాల్చాలి, ఎరువు నీళ్లు చేరనివ్వకూడదు, పక్కన కాలువ తవ్వి నీళ్లు పోనివ్వకూడదు.

దొంగతనం ఇంకో బాధ. వీనస్ ఫ్లైట్రాప్ లోకమంతటా నర్సరీల్లో కనిపిస్తుంది కానీ దాని పుట్టిల్లు నార్త్ కరొలైనాలోని విల్మింగ్టన్ చుట్టుపక్కల, సుమారు 100 మైళ్ల లోపల, రెండు కరొలైనాల్లోని తడి పైన్ నేలలే. అక్కడ రాత్రిళ్లు వందల కొద్దీ మొక్కలు తవ్వుకుపోయేవారు. 2014 డిసెంబర్ 1 నుంచి నార్త్ కరొలైనాలోని కొన్ని జిల్లాల్లో అది జైలు శిక్ష పడే నేరం. బిగ్ థికెట్‌లోనూ ఏ మొక్కనీ తీయకూడదు. మనవాళ్లు పిల్లలతో వెళ్తుంటారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. కూజాలో పుల్ల పెట్టి కెలక్కండి, సన్‌డ్యూ ఆకుని వేలితో గిల్లకండి, ఫొటో కోసం బాట దిగకండి. ఒక్క పాదం దిగిన గుంట చాలు, అందులో నీరు నిలిచి అక్కడి మొక్కలు తీరు మారిపోవడానికి. వెళ్లేవాళ్లకి మార్చి చివరి నుంచి మే దాకా బాగుంటుంది. పువ్వు, లేత కూజా, సన్‌డ్యూ మూడూ దొరుకుతాయి. జులైలో ఎండకీ దోమలకీ నిలవలేరు. భూతద్దం ఒకటి తీసుకెళ్లండి.

తిరిగొచ్చేటప్పుడు కారులో, మన వైపు ఇలాంటివి ఉన్నాయా అని నాన్న అడిగారు. ఉన్నాయి. డ్రాసిరా ఇండికా, డ్రాసిరా బర్మానై అనే రెండు సన్‌డ్యూ జాతులూ తెలుగు నేల మీద పెరుగుతాయి. వానాకాలం చివర రాతి గుట్టల మీద చెమ్మ ఊరే చోట, పల్చటి ఇసుక తేలిన బంజరులో చూడాలి. యుట్రిక్యులేరియా జాతులు ఇంకా ఎక్కువ. మడుగుల్లో తేలేవి ఉన్నాయి, తడి గట్ల మీద మొలిచేవి ఉన్నాయి.

సెప్టెంబర్‌లో ఆయన ఇంటికెళ్లిపోయారు. అక్టోబర్‌లో ఒక రోజు ఫోన్‌కి ఫొటో వచ్చింది. ఊరి చివర పాత మడుగు, నీళ్ల పైకి లేచిన కాడ మీద నాలుగు పసుపు పువ్వులు. రెండో ఫొటోలో ఆయన అరచేయి, అందులో తడి దారాల్లాంటి ఆకులు, వాటికి అంటుకుని ఆవగింజ కంటే చిన్న తిత్తులు, కొన్నింట్లో నల్లటి చుక్కలు. కింద వాయిస్ మెసేజ్. "ఇదేనా అమ్మాయ్? దీన్ని ఇన్నేళ్లూ నాచనుకున్నాను. కాలువ నీళ్లు వచ్చే గుంటల్లో వెతికితే ఒక్కటీ లేదు. వాన నీళ్లు తప్ప ఏవీ చేరని ఈ మడుగులోనే ఉంది. చూసి మళ్లీ నీళ్లలో వదిలేశాన్లే."